ఎక్కువ ఓట్లు వచ్చినా ఓటమేనా?

ప్రశ్న: 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి గదా, ఎట్ల ఓడిపోయారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిజమేనమ్మా, సుమారు 29 లక్షలు ఎక్కువ. కానీ అక్కడ ఓటరు ఎన్నుకునేది తన రాష్ట్రపు ఎలక్టర్లను, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులను. మొత్తం 538 మంది. గెలవాలంటే 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా మినహా అన్ని రాష్ట్రాల్లో, ఒక్క ఓటు ఆధిక్యమున్నా ఎలక్టర్లంతా ఆ అభ్యర్థికే. మన వరంగల్ పశ్చిమలో ఒక్క ఓటుతో గెలిచినా సీటు దక్కినట్టే. క్లింటన్‌కు కాలిఫోర్నియాలో 40 లక్షలకు పైగా ఆధిక్యం వచ్చినా దక్కింది 55 మంది. ట్రంప్‌కు మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి 80 వేలలోపు ఆధిక్యానికే 46 మంది! ఓటరుకు ఇది అన్యాయమే. రాజ్యాంగాన్ని సవరించాలంటే మాత్రం 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి.