అడవి నేలల అధ్యయనానికి కెమిస్ట్రీ వదులుకోవాలా?

ప్రశ్న: డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నాను. నేలలో ఆమ్లత్వం పెరిగితే అడవులు ఎలా దెబ్బతింటాయన్న అంశంపై పనిచేయాలని ఉంది. కెమిస్ట్రీ మానేసి ఫారెస్ట్రీ డిగ్రీలో మొదటి నుంచి చేరమంటారా?

జవాబు: వద్దు. ఈ రంగంలో మీకున్న అసలు బలమే కెమిస్ట్రీ.

నేల పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 5 కంటే దిగజారేకొద్దీ మట్టి ఖనిజాల్లోని అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది వేరు కొనల ఎదుగుదలను ఆపేస్తుంది, చెట్టుకు కాల్షియం, మెగ్నీషియం సరిగా అందనివ్వదు. నష్టం చెట్టుతో ఆగదు. నెదర్లాండ్స్‌లోని కొన్ని అడవుల్లో నేల ఆమ్లీకరణతో నత్తలు తగ్గిపోయాయి. ఆ నత్త గుల్లలే కాల్షియానికి ఆధారమైన చిన్న పిట్టలు పలచని పెంకుల గుడ్లు పెట్టాయి. నేల రసాయనం తెలియనివారు ఆ గుడ్లను చూసి కారణం ఎక్కడెక్కడో వెతుకుతారు.

అలాగని పుల్లని నేల ప్రతిదీ జబ్బు నేల కాదు. స్ప్రూస్, పైన్ వంటి చెట్లు సహజంగానే ఆమ్ల నేలల్లో పెరుగుతాయి. ఏది సహజం, ఏది కాలుష్యం తెచ్చిపెట్టింది అని తేల్చడమే ఈ వృత్తిలో కష్టమైన పని. దానికి ఏళ్ల తరబడి సేకరించిన కొలతలు కావాలి. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963 నుంచి వాననీటి, వాగునీటి రసాయన వివరాలు నమోదవుతున్నాయి. 1999లో అక్కడ ఒక చిన్న వాగు పరీవాహక ప్రాంతమంతటా హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ చల్లితే, తర్వాతి ఏళ్లలో షుగర్ మేపుల్ చెట్లు కోలుకున్నాయి. వెంటనే ఫలితం చూడాలనుకునే స్వభావం మీదైతే మాత్రం మరోసారి ఆలోచించండి.

పీజీకి నేల శాస్త్రం, పర్యావరణ రసాయనం, అటవీ జీవావరణం, వీటిలో ఏదైనా సరే. కోర్సు పేరు చూసి మోసపోవద్దు. ఆ విభాగానికి దీర్ఘకాలంగా కొలతలు తీసుకుంటున్న అటవీ ప్లాట్లు ఉన్నాయా అని అడగండి. గణాంక శాస్త్రాన్ని తప్పించుకునే వీలు లేదు. 'అడవి నేల ఆమ్లత్వ నిపుణులు కావలెను' అనే ప్రకటన మీకు దాదాపు కనిపించదు. ఉద్యోగాలు అటవీ పరిశోధన సంస్థల్లో, నేల పరీక్షా కేంద్రాల్లో, పర్యావరణ ప్రభావ అంచనాల్లో, గనులు తవ్వి వదిలేసిన భూముల్లో మళ్లీ చెట్లు పెంచే పనుల్లో ఉంటాయి.

వచ్చే సెలవుల్లో ఒక చిన్న పని చేసి చూడండి. అనుమతి తీసుకుని, రెండు వేర్వేరు జాతుల చెట్ల కింద, రాలిన ఆకులను పక్కకు జరిపి, పై పొర నుంచి, కాస్త లోతు నుంచి మట్టి తీయండి. నీటిలో ఒకసారి, పలచని కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ఒకసారి పీహెచ్ కొలవండి. రెండో అంకె సాధారణంగా తక్కువ వస్తుంది. ఎందుకో మీ మాటల్లో ఒక పేజీ రాసి, ఆ కొలతల పట్టికతో పాటు పీజీ దరఖాస్తుకు జతచేయండి.