వాటర్స్ వెళ్ళాక పింక్ ఫ్లాయిడ్ పాటలో ఏం తగ్గింది?

మీ ప్రశ్న ఇది: "1985లో రోజర్ వాటర్స్ బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌ని వదిలేశాడు. పోయింది బాస్ గిటార్ వాయించేవాడేగా! పాడే డేవిడ్ గిల్‌మోర్ ఉన్నాడు, ఆయన గిటార్ ఉంది. మరి 1987 ఆల్బమ్ వింటుంటే వేరే బ్యాండ్ అనిపిస్తుందేం? మన రాజ్–కోటి విడిపోయినట్టేనా ఇదీ?"

ముందు బాస్ సంగతి తేల్చేద్దాం. తేడా అక్కడ వెతికితే దొరకదు. వాటర్స్ ఉన్న రోజుల్లోనే చాలా పాటల్లో బాస్ గిల్‌మోర్ వాయించాడు. 'హే యూ'లో జారుతూ పోయే ఆ ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బాస్ ఆయనదే. తర్వాత స్టూడియోలో టోనీ లెవిన్, కచేరీల్లో గై ప్రాట్ వాయించారు. ఇద్దరూ గట్టి వాద్యగాళ్ళు, ఆ విషయంలో వంక పెట్టడానికేం లేదు.

వాటర్స్‌తో పోయినవి వేరే ఉన్నాయి. 1973 నుంచి మాటలన్నీ ఆయనవే. ఆల్బమ్ మొత్తం దేని గురించో తేల్చేదీ ఆయనే. మూడోది అందరూ మర్చిపోయేది: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న దగ్గర గిల్‌మోర్‌తో గట్టిగా పేచీ పెట్టుకునే మనిషి ఆయన. వాటర్స్‌కి గిల్‌మోర్ కూడా అంతే. ఒకరి పాటకు ఇంకొకరు జల్లెడ. నన్నడిగితే ఇద్దరూ ఎక్కువ నష్టపోయింది ఈ మూడోదాని దగ్గరే.

రెండు సందర్భాలు చూడండి. 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ తర్వాత, 1974 కచేరీల నాటికి వాళ్ళ దగ్గర కొత్తవి మూడు పెద్ద పాటలున్నాయి. మూడూ కలిపి ఆల్బమ్ చేసేద్దామన్నాడు గిల్‌మోర్. వద్దు, 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' ఒక్కటే ఉంచుదాం, దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో పెడదాం, మధ్యలోకి కొత్తవి రాద్దాం అన్నాడు వాటర్స్. ఓటు పెట్టుకుంటే గిల్‌మోర్ ఓడిపోయాడు. 1975 నాటి 'విష్ యూ వర్ హియర్' అలా తయారైంది. పక్కన పెట్టిన ఆ రెండు పాటలు మాటలు మారి, పేర్లు మారి 1977లో 'యానిమల్స్'లో 'డాగ్స్', 'షీప్' అయ్యాయి. పాటలు ఎక్కడికీ పోలేదు, తగిన చోటు చూసుకున్నాయి, అంతే.

1978లో జల్లెడ అటు తిరిగింది. వాటర్స్ రెండు ఆల్బమ్‌లకు సరిపడా డెమోలు (నమూనా రికార్డింగులు) తెచ్చి ఏదో ఒకటి ఎంచుకోండి అన్నాడు. బ్యాండ్ 'ది వాల్' తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. ఆ రెండోదే 1984లో ఆయన సొంత ఆల్బమ్‌గా వచ్చిన 'ది ప్రోస్ అండ్ కాన్స్ ఆఫ్ హిచ్ హైకింగ్'. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. ఒకే కలం, ఒకే కాలం నాటి రాత. రెండోదానిలో గిటార్ ఎరిక్ క్లాప్టన్ది, వాయింపుకు లోటు లేదు. కానీ ట్యూన్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, గొంతు గుసగుస నుంచి కేకకు, కేక నుంచి గుసగుసకు ఊగుతూ ఉంటుంది. పిలిస్తే వచ్చి వాయించిపోయేవాడు ఎంత గొప్పవాడైనా "ఈ చరణానికి ట్యూన్ లేదు, ఇంకోటి కట్టు" అనడు. అనే హక్కు భాగస్వామిది.

ఇక ఇద్దరూ కలిస్తే ఏమయ్యేదో ఒక్క పాటలోనే చూడొచ్చు: 'ది వాల్'లోని 'కంఫర్టబ్లీ నంబ్'. గిటార్ ఉంటే చేతిలోకి తీసుకోండి. చరణం బీ మైనర్‌లో ఉంటుంది. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) ఇవి: బీ మైనర్, ఏ, జీ, ఈ మైనర్, మళ్ళీ బీ మైనర్. మెట్టు మెట్టుగా కిందికి దిగే వరస. పాడేది వాటర్స్. డాక్టరు రోగిని పలకరించే మాటలవి, సగం పాడినట్టు సగం మాట్లాడినట్టు ఉంటాయి. పల్లవికి వచ్చేసరికి డీ మేజర్. డీ, ఏ, డీ, ఏ, ఆ తర్వాత సీ, జీ. ఇక్కడ గిల్‌మోర్ గొంతు అందుకుంటుంది, ఇది రోగి లోపలి మాట. ఆ సీ కార్డ్ డీ మేజర్ స్కేల్లోది కాదు. అందుకే అక్కడికి రాగానే కాళ్ళ కింద నేల కాస్త జారినట్టుంటుంది.

ఈ ట్యూన్ మూలం గిల్‌మోర్ తన 1978 సోలో ఆల్బమ్ చివర్లో చేసి, వాడకుండా ఉంచేసిన డెమో. దానికి వాటర్స్ మాటలు రాశాడు. పాట పేరు వచ్చే వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టాడు. ఉన్న ట్యూన్లో దానికి చోటు చాల్లేదు, అందుకని అక్కడ కొంచెం సంగీతం కొత్తగా కలపాల్సి వచ్చింది. ఇప్పుడు పాటంతా ఆ వాక్యం మీదకే వచ్చి వాలుతుంది. ట్యూన్ కట్టినవాడు ఒక్కడే అయితే ఆ అదనపు ముక్క పుట్టేది కాదు, మాటలు రాసినవాడు ఒక్కడే అయితే వాలడానికి ట్యూనే ఉండేది కాదు. ఏ టేక్ వాడాలన్న దగ్గర ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసి, చివరికి వేర్వేరు టేకుల ముక్కలు కలిపి అతికించారు. సోలోలు కూడా గమనించండి. మొదటిది పల్లవి కార్డ్‌ల మీద నడుస్తుంది, చివరిది చరణం కార్డ్‌ల మీద. అంటే డాక్టరు తాపీగా మాట్లాడిన ఆ బీ మైనర్ నేల మీదే చివర్లో గిటార్ గుండెలు బాదుకుంటుంది.

చీలిక 1985లో మొదలైందనుకుంటే లెక్క తప్పుతుంది. ఆ డిసెంబర్‌లో వాటర్స్ రికార్డు కంపెనీలకు ఉత్తరం రాశాడు, అంతే. పాటల కింద పేర్లు చూసుకుంటూ రండి, అసలు సంగతి తెలుస్తుంది. 'డార్క్ సైడ్'లోని 'టైమ్' కింద నలుగురి పేర్లున్నాయి. 'యానిమల్స్'కి వచ్చేసరికి గిల్‌మోర్ పేరు 'డాగ్స్' ఒక్కదాని కిందే ఉంది, కీబోర్డ్ వాయించే రిక్ రైట్ పేరు ఎక్కడా లేదు. 'ది వాల్'లో 26 ట్రాకులుంటే గిల్‌మోర్ పేరున్నవి మూడు. 1983లో 'ది ఫైనల్ కట్'లో ఒక్కటీ లేదు. 'ది వాల్' రికార్డింగ్ అప్పుడే రైట్‌ని బయటికి పంపేశారు, కచేరీలకు మాత్రం జీతానికి పెట్టుకున్నారు. ఆ కచేరీలు నష్టాలు తెచ్చాయి. ఓనర్లు ముగ్గురూ నష్టం భరించారు, జీతగాడు కాబట్టి రైట్ ఒక్కడికే డబ్బు మిగిలింది!

రైట్ పోవడం వల్ల వచ్చిన లోటును జనం తక్కువ అంచనా వేస్తారు. ఆయన పట్టి ఉంచే కార్డ్‌లు తంబురా లాంటివి. ఉన్నప్పుడు వినిపించవు, ఆగిపోతే తెలుస్తుంది. 'ది ఫైనల్ కట్'లో ఆ చోటును మైకేల్ కేమెన్ ఆర్కెస్ట్రాతో నింపారు. అందుకే అది బ్యాండ్ పాటలా కాక నాటకానికి నేపథ్య సంగీతంలా ఉంటుంది. గిల్‌మోర్ ముందుండి పాడింది 'నాట్ నౌ జాన్' ఒక్కటే. చివరి పాటలో డ్రమ్స్ కూడా బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్‌వి కావు, ఆండీ న్యూమార్క్‌వి. మాటలు పదునైనవి, యుద్ధంలో చనిపోయిన తండ్రి గురించి, ఫాక్‌లాండ్స్ యుద్ధం గురించి. కానీ కారులో పెట్టుకుంటే సగం వినబడదు, మిగతా సగం అద్దాలు అదరగొడుతుంది. హెడ్‌ఫోన్స్‌తో వినాల్సిన ఆల్బమ్ అది.

ఇప్పుడు మీరడిగిన 1987 ఆల్బమ్, 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్'. ఇందులో రెండు రకాల లోట్లు కలిసిపోయి ఉన్నాయి, విడదీసి వినాలి.

ఒకటి శబ్దం. మేసన్‌కి సాధన తప్పింది, చాలా పాటల్లో జిమ్ కెల్ట్‌నర్, కార్మైన్ అపీస్ లాంటివాళ్ళు, లేదంటే డ్రమ్ మెషీన్. రైట్ తిరిగొచ్చాడు గానీ పూర్తి సభ్యుడిగా కాదు, వాయించింది కూడా తక్కువ. మేసన్ ధోరణి కాస్త వదులుగా, తాళానికి వెంట్రుకవాసి వెనక నడిచినట్టు ఉంటుంది. గిల్‌మోర్ తీగను సాగదీసి నిలబెట్టే స్వరాలకు ఆ వదులే ఆసరా. దాని బదులు గీత గీసినట్టు నడిచే లయ, గోడ కూలినట్టు మోగే స్నేర్ డ్రమ్ పెడితే అదే గిటార్ బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. ఇందులో కొంత తప్పు కాలానిది. అదే ఏడాది వచ్చిన వాటర్స్ 'రేడియో కేయాస్' కూడా సింథసైజర్లతో, డ్రమ్ మెషీన్లతో అచ్చం అలాగే మోగుతుంది. అంచేత 1987 శబ్దాన్నంతా విడిపోవడం ఖాతాలో వేయకండి.

రెండోది మాటలు. గిల్‌మోర్‌కి ట్యూన్ తన్నుకొస్తుంది, మాట రాదు. ఆంథొనీ మూర్ వచ్చి రాశాడు, 'లెర్నింగ్ టు ఫ్లై'లో, 'ఆన్ ది టర్నింగ్ అవే'లో బాగానే రాశాడు. కానీ ఆల్బమ్ మొత్తం కలిపి ఒక్క మాట చెప్పదు. థేమ్స్ నదిలో గిల్‌మోర్ పడవ ఇల్లు 'అస్టోరియా'లో చాలావరకు రికార్డ్ చేశారు కదా, తెడ్డు చప్పుడుతో మొదలవుతుంది. ఆ పడవ ఎటు పోతోందో తర్వాత ఏ పాటా చెప్పదు.

ఈ రెండు లోట్లనూ వేరు చేసి చూపే పరీక్ష వాళ్ళే పెట్టారు. 2019లో 'ది లేటర్ ఇయర్స్' అనే బాక్స్ సెట్‌లో ఈ ఆల్బమ్‌ని మళ్ళీ మిక్స్ చేసి ఇచ్చారు. మేసన్ కొత్తగా డ్రమ్స్ వాయించాడు. రైట్ 2008లో చనిపోయాడు కాబట్టి ఆయన కచేరీల్లో వాయించిన భాగాలు తెచ్చి కలిపారు. పాతది, కొత్తది ఒకదాని వెంట ఒకటి వినండి. కొత్తదానిలో గాలి ఆడుతుంది, బ్యాండ్ గదిలోకి తిరిగొచ్చినట్టే ఉంటుంది. పాటల మధ్య తెగిపోయిన దారం మాత్రం అలాగే ఉంది. మొదటి లోటు రైట్, మేసన్‌లది, మిక్సింగ్‌తో పూడ్చారు. రెండోది వాటర్స్‌ది, దానికి మిక్సింగ్‌లో మందు లేదు.

1994 నాటి 'ది డివిజన్ బెల్' మెరుగ్గా వచ్చిందంటే కారణం పద్ధతి మారడం. ముగ్గురూ కూర్చుని గంటలకొద్దీ వాయించుకుని, పుట్టిన ముక్కలకు మార్కులు వేసుకున్నారు. (రైట్ తన ముక్కలన్నిటికీ పదికి పది, మిగతావాళ్ళవాటికి సున్నా వేసుకున్నాడట.) మాటలకు రచయిత్రి పాలీ శామ్సన్ దొరికింది. మనుషుల మధ్య మాట తెగిపోవడం అన్న ఒక విషయమూ దొరికింది. కానీ 66 నిమిషాలు! 'డార్క్ సైడ్' 43. సీడీల కాలం కదా అనొచ్చు. అయినా రెండు పాటలు తీసేయమని గొడవపడే మనిషి ఆ గదిలో లేడని తెలిసిపోతుంది.

అవతల వాటర్స్‌కి కూడా అదే జబ్బు, ఇంకో రూపంలో. 1992 నాటి 'అమ్యూజ్డ్ టు డెత్' ఆయన సోలోల్లో మేటి, జెఫ్ బెక్ గిటార్ కోసమైనా వినాల్సిందే. అది 70 నిమిషాలు దాటింది. 2022లో 'కంఫర్టబ్లీ నంబ్'ని మళ్ళీ చేస్తూ బీ మైనర్‌ని ఏ మైనర్‌కి దించి, గిటార్ సోలోలు తీసేశాడు. 1994 కచేరీలో గిల్‌మోర్ చేసింది సరిగ్గా తిరగేసి: పాట తొమ్మిది నిమిషాలు దాటింది, పెరిగిందంతా చివరి సోలోనే. వాటర్స్ చరణాన్ని రైట్, ప్రాట్, జాన్ కారిన్ కలిసి పాడారు. శ్రావ్యంగా ఉంది, కానీ ముగ్గురు డాక్టర్లు ఒకేసారి మాట్లాడితే భయం వేయదు.

రాజ్–కోటితో పోలిక సగమే కుదురుతుంది. సినిమా పాటలో సందర్భం దర్శకుడు ఇస్తాడు, మాటలు కవి రాస్తాడు, నిడివి తెర చూసుకుంటుంది. వాటర్స్ చేసిన పనుల్లో చాలా భాగం మన దగ్గర మొదటినుంచీ బయటివాళ్ళదే. అందుకే ఇద్దరు సంగీత దర్శకులు విడిపోయినా ఒక్కొక్కరికీ ఆ ఆసరా మిగులుతుంది. బ్యాండ్‌కి అది ఉండదు.

వినాలనుకుంటే ఈ వరసలో వినండి, ముప్పావు గంట చాలదు గానీ గంట పట్టదు. మొదట 1979 నాటి 'కంఫర్టబ్లీ నంబ్', తర్వాత 1994 కచేరీది, తర్వాత వాటర్స్ 2022ది. చివర్లో 2005 జూలైలో లండన్ హైడ్ పార్క్‌లో నలుగురూ కలిసి వేదిక ఎక్కిన లైవ్ 8 కచేరీ వీడియో మొత్తం. ఆ రోజు వాయించినవాటిలో ఆఖరిది ఇదే పాట. చరణం వాటర్స్, పల్లవి గిల్‌మోర్. కళ్ళు మూసుకుని బీ మైనర్ నుంచి డీకి మారే ఆ ఒక్క చోటు వినండి, గొంతు మారుతుంది.