ఎల్క్ వేట: వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

ఎల్క్ అనే పెద్ద జింకను రైఫిల్‌తో వేటాడటానికి అనుమతి ఉండే రైఫిల్ సీజన్లు ముగిశాక మాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాట ఉంటుంది: డబ్బు, సెలవులు ఖర్చయ్యాయి, ట్యాగ్ (ఒక జంతువును వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ) మాత్రం జేబులో అలాగే ఉంది. ఈసారి అమెరికాలోని కొలరాడో, వయోమింగ్ రాష్ట్రాల కొండలకు వెళ్లొచ్చినవాళ్ల ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: మొదటి రైఫిల్ సీజన్ అయిదు రోజులూ చీకటితోనే లేచి, రోజుకు ఎనిమిది మైళ్లు తగ్గకుండా నడిచాం. ఒక్క ఎల్క్ కంటపడలేదు. ఆ కొండల్లో అసలు జంతువులే లేవనుకోవాలా?

జవాబు: అప్పుడే అలా అనుకోకండి. రోజుకు ఎనిమిది మైళ్లు నడిచారంటే తెల్లవారుజామున, సాయంత్రం కూడా నడుస్తూనే ఉండి ఉంటారు. పగటి వెలుగులో ఎల్క్ మేతకు బయటికి వచ్చేది ఎక్కువగా ఆ రెండు వేళల్లోనే. మీరు అప్పుడు కూర్చుని చూడాలి. ఎదురు కొండ కనిపించే చోటికి వెలుగు రావడానికి అరగంట ముందే చేరుకోండి. 10x42 (పది రెట్లు పెద్దదిగా చూపే) బైనాక్యులర్‌ను చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద బిగించండి. చేతి వణుకు తగ్గితే చెట్ల మధ్య చెవి కదిలినా తెలుస్తుంది. ఎదురు కొండను గళ్ల చీరలా మనసులో గళ్లుగా విడగొట్టుకుని, ఒక్కో గడిని నెమ్మదిగా దాటండి. పూర్తి జంతువు కోసం వెతకొద్దు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా సాగిన వీపు గీత, వెనకభాగంలో లేత పసుపు మచ్చ, ముదురు గోధుమరంగు మెడ, వీటిలో ఏదో ఒకటే ముందు కనిపిస్తుంది.

పొద్దెక్కాక అవి పడకకు వెళ్తాయి. సాధారణంగా ఉత్తరం వైపు వాలులో, ఎండ పడని చిక్కటి ఫర్, స్ప్రూస్ చెట్ల కిందకి. సీజన్ మొదటి రోజు తుపాకుల మోత విన్నాక పగలు బయట తిరగడం ఇంకా తగ్గిస్తాయి. వాహనాలు తిరిగే దారులకు ఎల్క్ దూరంగా జరుగుతుందని ఒరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగ అడవిలో 1989 నుంచి సాగుతున్న పరిశోధన స్పష్టంగా చూపించింది. అందుకే మ్యాప్ ముందు పెట్టుకుని రోడ్లు, ఏటీవీ (కొండదారుల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) దారులు అన్నీ గీసి, వాటి మధ్య మిగిలిన ఖాళీలు చూడండి. దూరమే ఉండాలని లేదు. రోడ్డుకు ముప్పావు మైలులో ఉన్నా, నిటారుగా ఉండి ఎవరూ దిగని లోయ ఒకటి దొరికితే చాలు.

ఒక చోట ఎంతసేపు ఉండాలో పెంటికలు చెప్తాయి. మెరుస్తూ, తడిగా, వేలితో నొక్కితే మెత్తగా ఉంటే అవి ఆ రాత్రివో ఆ ఉదయానివో. మెరుపు పోయి గట్టిపడితే రోజులు గడిచినట్టు. తెల్లబారి పగుళ్లు వస్తే వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. కొమ్ములతో బెరడు గీకిన చెట్టు కూడా అంతే. జిగురు కారుతూ కలప తెల్లగా ఉంటేనే కొత్తది. ఒకటిన్నర రోజు చూసినా తాజా ఆనవాలు లేకపోతే లోయ మార్చండి. అయిదు రోజుల సీజన్‌లో ఒకే లోయను పట్టుకుని కూర్చోవడం చాలామంది చేసే పొరపాటు, అందులోనూ గుడారం వేసింది అక్కడే కదా అని.

ప్రశ్న: మూడుసార్లు మంద కనిపించింది. మూడుసార్లూ నాలుగు వందల గజాల దగ్గరకు వెళ్లేసరికి లేచి పరుగు. చప్పుడు చేయలేదు, ఎదురుగానూ వెళ్లలేదు. ఎక్కడ తప్పు?

జవాబు: గాలివాటంలో. చప్పుడు వింటే ఎల్క్ ఒక్కోసారి ఆగి చూస్తుంది. మనిషి వాసన తగిలితే ఆగదు, లోయ దాటేదాకా పోతుంది.

కొండల్లో గాలి వేళను బట్టి దిశ మారుతుంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి తెల్లవారేదాకా లోయలోకి దిగుతుంటుంది. ఎండ వాలుకు తగిలి నేల వేడెక్కాక పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. కాబట్టి తెల్లవారుజామున కింది నుంచో పక్క నుంచో దగ్గరవ్వండి. ఎండ ముదిరాక పై నుంచి దిగండి. సాయంత్రం మళ్లీ కిందికి మారండి. మీ మూడు ప్రయత్నాలూ ఏ వేళలో జరిగాయో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉదయం మలుపు తిరిగే వేళ, అంటే ఎండ వాలుకు తగిలిన తొలి గంటలో, గాలి ఏ దిక్కుకూ నిలకడగా ఉండదు. అప్పుడు కదలకుండా ఉన్నచోటే ఆగడం మేలు.

చిన్న పిచికారీ సీసాలో టాల్కం పొడి వేసుకుని, పది నిమిషాలకోసారి ఒక్క నొక్కు నొక్కి చూడండి. పొడి మీ ముఖం ముందు ఎటు పోతోందో చూసి ఊరుకోవద్దు. ఇరవై అడుగుల దూరంలో అది ఎటు తిరుగుతోందో చూడండి. చిన్న వాగు పక్కన, గండి దగ్గర అది గిర్రున వెనక్కి తిరగడం మీకే కనిపిస్తుంది. వాసన పోగొడతామని అమ్మే స్ప్రేలు ఈ పనికి ప్రత్యామ్నాయం కావని మా అభిప్రాయం.

ప్రశ్న: 320 గజాల్లో నిలబడ్డ మగ ఎల్క్‌ను కాల్చి గురి తప్పాను. షూటింగ్ రేంజ్‌లో నా రైఫిల్ గురి చక్కగా ఉంది. .30-06 రైఫిల్, 180 గ్రెయిన్ల బరువున్న తూటా, 200 గజాలకు జీరో చేశాను (ఆ దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా సరిదిద్దాను).

జవాబు: ఆ అమరికతో తూటా 300 గజాల దగ్గర సుమారు తొమ్మిది అంగుళాలు, 400 దగ్గర సుమారు రెండడుగులు కిందికి జారుతుంది. 320ని కంటితో 250 అని అంచనా వేసుకుని ఉంటే తూటా ఛాతీ అడుగుకు తగిలో, కింద నుంచో పోయి ఉంటుంది. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా 250 దాటి కాల్చొద్దు. వాలు మీద ఇంకో లెక్క ఉంది: 30 డిగ్రీల వాలులో లేజర్ 300 గజాలని చూపితే, తూటా జారుడుకు లెక్కించాల్సిన అడ్డదూరం 260 మాత్రమే. అది మరిస్తే తూటా పైకి పోతుంది.

రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచి ఆనించి కాలుస్తాం. కొండ మీద బల్ల ఉండదు, గుండె దడదడ కొట్టుకుంటుంది. సీజన్‌కు ముందు పరుగెత్తి వచ్చి, ఊపిరి కుదుటపడకముందే కూర్చుని, రైఫిల్‌ను కర్రల ఊత మీద ఆనించి, తొమ్మిది అంగుళాల కాగితం ప్లేటు మీద కాల్చి చూడండి. అయిదుకు అయిదు పడిన దూరమే మీ హద్దు. చాలామందికి అది 200 గజాల దగ్గరే తేలుతుంది. అలా తేలితే అంతవరకే కాల్చాలి.

ప్రయాణం తర్వాత కూడా జీరో కదులుతుంది. స్కోప్ (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) రింగుల మరలు తయారీదారు చెప్పిన బిగువుకు ఉన్నాయో లేదో చూసుకుని, క్యాంపుకు చేరే ముందే మూడు తూటాలు కాల్చి చూడండి. గడ్డకట్టే చలికి వెళ్తుంటే బోల్టులోని చిక్కటి గ్రీజు తుడిచేయండి. అది బిగుసుకుంటే తూటాను వెనక నుంచి కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ దెబ్బ బలహీనపడి తూటా పేలదు.

ప్రశ్న: తూటా తగిలింది, నెత్తురు కూడా కనిపించింది. వెంటనే వెంటపడ్డాం. రెండు వందల గజాల తర్వాత జాడ పోయింది. సాయంత్రం దాకా వెతికాం, దొరకలేదు. మనసు చాలా బాధగా ఉంది.

జవాబు: బాధపడటం సహజం. వెంటనే వెంటపడటమే ఇక్కడ దెబ్బతీసింది. గాయపడ్డ ఎల్క్‌ను తరమకపోతే చాలాసార్లు కొద్ది దూరంలోనే పడుకుంటుంది. వెనక అలికిడి వింటే లేచి మైళ్లు పోతుంది.

కాల్చిన వెంటనే ఇంకో తూటా ఎక్కించి, స్కోప్‌లోంచి చూపు తిప్పకండి. ఇంకా నిలబడి ఉండి, గురి కుదిరితే మళ్లీ కాల్చండి. తర్వాత రెండు గుర్తులు పెట్టుకోండి: అది నిలబడ్డ చోటు, చివరిసారి కనిపించిన చోటు. మీరు కాల్చిన చోటు వదలకముందే రెండింటికీ దిక్సూచి పట్టి దిక్కు రాసుకోండి. లోయ దాటి అవతలికి వెళ్లాక ప్రతి చెట్టూ ఒకేలా కనిపిస్తుంది.

అది నిలబడ్డ చోట నెత్తురు ఎలా ఉందో చూడండి. లేత ఎరుపు, నురగతో ఉంటే ఊపిరితిత్తులు. అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపు, నురగ లేకపోతే కాలేయం. కనీసం నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో గడ్డి తునకలు, దుర్వాసన ఉంటే పొట్ట. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. మంచు గానీ వాన గానీ మొదలైతే జాడ చెరిగిపోతుంది కాబట్టి అంత ఆగలేరు. అప్పుడు కూడా ఒక్కరే, చప్పుడు లేకుండా, తూటా ఎక్కించుకుని కదలాలి.

జాడ మీద నడవకుండా పక్కన నడవండి. ప్రతి నెత్తుటి చుక్క దగ్గరా టాయిలెట్ పేపర్ ముక్క పెట్టుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి చూస్తే ఎటు పోతోందో గీతలా కనిపిస్తుంది. జాడ పోయినచోట ఒకరు నిలబడి, మరొకరు యాభై గజాల అర్ధచంద్రాకారంలో ముందుకు వెతకాలి. నేల మీదే కాదు, మోకాలి ఎత్తులో ఆకుల మీద, చెట్ల మొదళ్ల మీద కూడా చూడండి. పక్కలకు రాసుకున్న నెత్తురు అక్కడే ఉంటుంది. గాయపరచిన జంతువును పట్టుకోవడానికి తగిన ప్రయత్నం చేయడం కొలరాడోలో చట్టం పెట్టిన బాధ్యత. మర్నాడు కూడా వెతకాలి. దొరకకపోతే ఆ ట్యాగ్ వాడేసినట్టే అనుకుని వేట ఆపేసే వేటగాళ్లు చాలామంది ఉన్నారు. మేమూ అదే సరైనదంటాం.

ప్రశ్న: హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. దుకాణంలో తుపాకీ ఇవ్వలేదు, వేట మొదలుకాకుండానే తిరిగొచ్చాను.

జవాబు: వలసేతర వీసాలో ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నా ఇదే నియమం. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు లైసెన్సు కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. ఆ పని వేసవిలోనే ముగించుకోండి. మీ కాగితాలు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి చూపించుకోవడం కూడా మంచిది.

ప్రశ్న: ఈసారి గైడ్‌ను పెట్టుకుందామనుకుంటున్నాం. జంతువు దొరక్కపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?

జవాబు: సాధారణంగా ఇవ్వరు. మీరు కట్టేది రోజులకు, గుర్రాలకు, వంటకు, గైడ్ శ్రమకు. వయోమింగ్‌లో అయితే బయటి రాష్ట్రాలవాళ్లు వైల్డర్‌నెస్‌గా (వాహనాలకు అనుమతి లేని రక్షిత అడవిగా) ప్రకటించిన ప్రాంతాల్లో పెద్ద జంతువులను వేటాడాలంటే గైడ్‌గానీ స్థానిక నివాసిగానీ తోడుండాల్సిందే. అక్కడ తోడు లేకుండా వెళ్లే ప్రశ్నే రాదు.

బయానా కట్టే ముందు ఈ సంగతులు అడగండి. గత అయిదేళ్లలో ఏటా ఎంతమంది వచ్చారు, ఎంతమంది జంతువుతో తిరిగెళ్లారు? "అవకాశం దొరికినవాళ్లు" అని చెప్తే అది వేరే లెక్క. కాల్చి తప్పినవాళ్లనూ, కాల్చకుండా వదిలేసినవాళ్లనూ అందులో కలిపేస్తారు. ఒక గైడ్‌కు ఎంతమంది వేటగాళ్లు? ఇద్దరైతే మందను సమీపించే మొదటి అవకాశం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. జంతువును గాయపరచి పోగొట్టుకుంటే వేట అయిపోయినట్టా, కాదా? ఇది కాగితం మీద రాయించుకోండి. ఆఖరుగా, వట్టి చేతులతో వెళ్లిన ఇద్దరు వేటగాళ్ల ఫోన్ నంబర్లు అడగండి. జంతువు దొరికినవాళ్ల నంబర్లు అందరూ ఇస్తారు. వీళ్లవి ఇవ్వడానికి వెనకాడితే ఇంకో గైడ్‌ను చూసుకోండి.