గోదాములో బస్తాలను గోడకు ఆనించి ఎందుకు పేర్చకూడదు?

ధాన్యం, బియ్యం బస్తాలను గోడకు ఆనించకుండా, మనిషి నడవగలిగేలా సుమారు 2.5 అడుగుల ఖాళీ వదిలి పేర్చాలి. వానకాలంలో గోడ పీల్చుకున్న చెమ్మ ఆనుకొని ఉన్న బస్తాలోకి దిగి బూజు పట్టిస్తుంది. పైగా పురుగు చావడానికి విషవాయువు పట్టించేటప్పుడు దొంతర మొత్తాన్ని కవరుతో కప్పి, గాలి బయటికి పోకుండా దాని అంచులపై ఇసుక సంచులు పెట్టాలంటే నాలుగు వైపులా తిరిగే చోటు ఉండి తీరాలి. మిర్యాలగూడ రైస్ మిల్లు గోదామునే తీసుకుంటే, గోడకు తగిలిన వరుసలో గోనె నల్లబడి, లోపలి బియ్యం ఉండకట్టిన సంగతి ముందు వరుసలన్నీ దించితే గానీ బయటపడదు. కింద చెక్కలు పరిచాం కదా, ఇక ఖాళీ దండగ అని చాలామంది అనుకుంటారు. ఆ చెక్కలు నేల చెమ్మను ఆపుతాయే తప్ప గోడ చెమ్మను కాదు. దారి లేని గోదాములో బస్తాల లెక్క కూడా సరిగ్గా తేలదు.