బ్యాగు ఉంటే పెళ్లికి వెళ్లకూడదా?

ప్రశ్న: అక్కా, అల్సరేటివ్ కొలైటిస్‌ (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) వల్ల మా ఆయనకి పెద్దపేగు తీసేసి ఇలియోస్టమీ పెట్టారు, అంటే చిన్నపేగు చివరను పొట్ట మీదకి తెచ్చి, మలం బ్యాగులోకి వచ్చేలా చేశారు. బ్యాగు లీకవుతుందేమోనన్న టెన్షన్‌తో చుట్టాల పెళ్లికి రానంటున్నారు. ఈ ఎండలకి నీరసం కూడా.
– ఒక సోదరి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: చెల్లీ, నాకూ పొట్ట మీద ఆ బ్యాగే ఉంది, ఆ భయం నాకు బాగా తెలుసు. కానీ ముందు నీరసం సంగతి చూడండి, నన్నడిగితే అదే పెద్ద విషయం. పెద్దపేగు లేకపోతే నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. ఉత్త మంచినీళ్లే చెంబులకొద్దీ తాగితే బ్యాగులోకి ఇంకా పలచగా వస్తుంది. 1 లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ఉప్పేసిన గంజి మేలు. మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా వెంటనే డాక్టరుకి చెప్పండి.

లీకు చాలాసార్లు కొలత తప్పడం వల్లే. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలపాటు వాపు తీసి స్టోమా (పొట్ట మీద బయటికి కనిపించే పేగు మొన) చిన్నదవుతుంది. బ్యాగుని చర్మానికి అంటించే ప్లేటుని పాత కొలతకే కత్తిరిస్తే చుట్టూ చర్మం ఎర్రగా ఒరిసిపోతుంది, అప్పుడిక ఏదీ అంటుకోదు. మళ్లీ కొలిచి, 2–3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా కత్తిరించండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, బాగా ఆరాక అంటించండి. నూనె, డెటాల్ అసలు వద్దు. బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేయాలి.

పెళ్లి భోజనంలో కొబ్బరి ముక్కలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు అడ్డుపడొచ్చు, మానేయమనండి. కత్తిరించి ఉంచిన బ్యాగొకటి వెంట తీసుకెళ్లండి.

బయట బ్యాగు అక్కర్లేకుండా చిన్నపేగుతోనే లోపల పౌచ్ (సంచి) కట్టే ఆపరేషన్ 1978 నుంచీ ఉంది, అయితే అందరికీ కుదరదు, సర్జన్‌ని అడగండి. ఇలా బ్యాగు ఉన్నవాళ్ల కోసం ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా ఉంది. మీ ఆయన్ని నాకు ఈ పత్రిక ద్వారా రాయమనండి, తప్పకుండా జవాబిస్తాను.