షాంఘై వెళ్తున్నాం. పక్కనే ఉన్న సుజౌలో పాత పేట చూడటానికి ఒక పూట పెట్టుకోవచ్చా?

తప్పకుండా వెళ్లండి. హైస్పీడ్ రైల్లో అరగంట ప్రయాణమే. సుజౌ నగరానికి తూర్పు వైపు 1994లో సింగపూర్ భాగస్వామ్యంతో మొదలైన పారిశ్రామిక ప్రాంతం ఇప్పుడు అద్దాల మేడలతో నిండిపోయింది. పాత పేటలోని పింగ్‌జియాంగ్ రోడ్డు వైపు వస్తే మాత్రం కాలవ, దాన్ని ఆనుకుని రాళ్లు పరిచిన సన్నటి వీధి, తెల్ల గోడలు, నల్ల పెంకులు. 1229లో రాతి మీద చెక్కిన నగర పటం ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులోని కాలవలు, వీధుల అమరిక ఈ పేటలో చాలావరకు అలాగే కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది అదే.

అక్టోబరు మొదటి వారం సెలవుల్లో, శని ఆదివారాల్లో ఈ ప్రధాన వీధిలో కాలు పెట్టే చోటుండదు. పొద్దున్నే వెళ్లి పక్క సందుల్లోకి తిరగండి. అక్కడ జనం ఇంకా కాపురాలుంటున్నారు: గుమ్మాల ముందు కర్రలకు ఆరేసిన బట్టలు, నీళ్లలోకి దిగే రాతి మెట్లు. అవి వాళ్ల ఇళ్లు కాబట్టి అడిగాకే ఫొటో తీయండి. దగ్గర్లోనే కున్‌చూ సంగీత నాటకాల మ్యూజియం, యునెస్కో జాబితాలోని ఓయువాన్ తోట ఉన్నాయి. చిన్న కొట్లలోనూ చెల్లింపులు ఫోన్‌తోనే ఎక్కువ, బయల్దేరేముందే అలీపే అనే చెల్లింపుల యాప్‌లో మీ కార్డు జతచేసుకోండి.