జనం అడిగిందా, జనానికి తెలియనిదా? కళాసంస్థల నిర్వాహకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ప్రేక్షకులు కోరుకున్నవే ఇవ్వాలా, వాళ్లకు ఇంకా పరిచయం లేనివి కూడా చూపించాలా? వాటిలో నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాం.

ప్రశ్న: మాది సంగీత సంస్థ. ఏటా పది కార్యక్రమాలు చేస్తాం. పేరున్న రచనలు వాయించిన రోజు హాలు నిండుతుంది. కొత్త రచన ఉందంటే జనం పలచబడతారు, వచ్చినవాళ్లలో కొందరు మధ్యలోనే లేచిపోతారు. కార్యవర్గంలో సగం మంది "జనం అడిగిందే పెడదాం" అంటున్నారు. తక్కిన సగం "అలాగైతే ఇక మనమెందుకు" అంటున్నారు. ఎవరి మాట సబబు?

జవాబు: రచనల ఎంపికలో రెండో వర్గం మాటే సబబు. ఆ పనిలో సంస్థే ముందుండాలి. అయితే మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ వర్గం కూడా సగం పనే చేస్తోంది. ప్రతి కొత్త రచనా ఒక్కసారి వినబడి మాయమవుతోంది. మొదటిసారి విన్నప్పుడు శ్రోత ఇచ్చే తీర్పులో రచన గురించిన మాట కొంతే ఉంటుంది. మిగతాదంతా పట్టు దొరకని ఇబ్బంది.

ఈ విషయం మీద మంచి పరిశోధనే జరిగింది. ఒక వస్తువు పదే పదే ఎదురైతే దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించారు. అంతగా పేరు లేని ఇంప్రెషనిస్టు (19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళా ధోరణి) చిత్రాలను మరో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కటింగ్ తన తరగతుల్లో విద్యార్థులకు మాటిమాటికీ చూపించగా, వాళ్లు వాటివైపు మొగ్గారని 2003లో ప్రచురించారు. ఇంతవరకే చదివితే ఏది పెట్టినా అలవాటు చేసేయొచ్చు అనిపిస్తుంది. 2013లో వెలువడిన మరో పరిశోధన ఆ ధీమాకు అడ్డుకట్ట వేసింది. అందులో 19వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే చిత్రాలనూ, అమెరికాలో విపరీతంగా అమ్ముడైన థామస్ కింకేడ్ చిత్రాలనూ మళ్లీ మళ్లీ చూపించారు. చూసేకొద్దీ కింకేడ్ చిత్రాల మీద ఇష్టం తగ్గింది. అంటే పునరావృతి మంచి రచనకు అవకాశం ఇస్తుంది గాని, పస లేనిదాన్ని నిలబెట్టదు. కాబట్టి ఎంపిక బాగుండాలి, ఎంచుకున్నది మళ్లీ వినబడాలి. రెండూ జరిగితేనే ఫలితం.

మళ్లీ వినబడితే ఏమవుతుందో చూడండి. 1912లో లండన్ క్వీన్స్ హాల్లో జరిగిన ప్రోమెనేడ్ కచేరీల్లో వాద్యబృందాన్ని నడిపే హెన్రీ వుడ్, ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బెర్గ్ రాసిన అయిదు ఆర్కెస్ట్రా ఖండికలను వాయింపజేస్తే శ్రోతలు ఈసడించారు. 1914 జనవరిలో అదే క్వీన్స్ హాల్లో షోన్‌బెర్గే వచ్చి వాటిని నడిపించినప్పుడు మర్యాదగా విన్నారు. స్ట్రావిన్‌స్కీ స్వరపరచిన "రైట్ ఆఫ్ స్ప్రింగ్" నృత్యరూపకం సంగతీ అంతే. 1913 మే 29న పారిస్‌లో గొడవ జరిగింది, మరుసటి ఏప్రిల్‌లో అదే నగరంలో, అదే పియర్ మోంటో వాద్యబృందాన్ని నడిపించగా నీరాజనాలు అందాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. రెండోసారి నృత్యం లేదు, ఉత్త సంగీతమే. మొదటి రోజు గొడవలో నృత్యానికీ వాటా ఉంది. ఒక ప్రదర్శన తిరస్కారానికి గురైతే అందులో ఏ భాగం గురైందో విడదీసి చూడటం నిర్వాహకుల పని.

ఇక ఆచరణ. విరామంతో కలిపి రెండు గంటల కచేరీ అనుకోండి. కొత్త రచన 8 నుంచి 15 నిమిషాల్లో ముగిస్తే మంచిది. దాన్ని మొట్టమొదట పెడితే ఆలస్యంగా వచ్చేవాళ్లకు వినబడదు, వేళకు వచ్చినవాళ్లు ఇంకా కుర్చీల్లో సర్దుకుంటూ ఉంటారు. ఆఖర్న పెడితే లేచిపోతారు. విరామం అవగానే పెడితే వసారాలో కబుర్లు ముగిసేసరికి అదీ అయిపోతుంది. మిగిలిన చోటు ఒక్కటే: తెలిసిన చిన్న రచన తర్వాత, విరామానికి ముందు వచ్చే మరో తెలిసిన రచనకు ముందు. చాలా సంస్థలు చేసేదిదే. వాటిలోనూ కొన్ని భంగపడుతున్నాయంటే కారణం సాధారణంగా రిహార్సల్లో ఉంటుంది.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాలుగు రిహార్సళ్లు దొరికాయంటే మూడు పెద్ద రచనకు పోతాయి, ఎందుకంటే దాని నిడివి ఎక్కువ. పన్నెండు నిమిషాల కొత్త రచనకు మూడో రోజు చివరి నలభై నిమిషాలు మిగులుతాయి, అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. తెలిసిన రచనలో ఒక స్వరం తప్పితే శ్రోత పసిగట్టి, అది వాయించినవారి తప్పని తెలుసుకుంటాడు. కొత్త రచనలో ప్రవేశం అరక్షణం ఆలస్యమైనా, వెనక ఉండాల్సిన వాద్యం ముందుకొచ్చి మోగినా, రచనే అలా ఉందనుకుంటాడు. వాయిద్యకారుల తడబాటంతా రచయిత ఖాతాలో పడుతుంది. అందుకని కొత్త రచనకు మొదటి రిహార్సల్లో మొదటి గంట కేటాయించండి, ఆఖరి రిహార్సల్లో అరగంట విడిగా పెట్టండి. రెంటి మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంటే ఇంటి దగ్గర సాధనకు వీలు చిక్కుతుంది.

ముందుమాట మూడు నిమిషాలు మించకూడదు. రచయిత జీవితచరిత్ర అక్కర్లేదు. ఇరవై సెకన్ల ఖండికలు రెండు వాయించి, "ఈ పలుకు మూడుసార్లు తిరిగొస్తుంది, మూడోసారి కింది స్థాయిలో వస్తుంది, వినండి" అంటే చాలు. శ్రోతకు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. "కాస్త ఓపిక పట్టండి, తర్వాత మీకు నచ్చింది ఉంది" అనే మాట మాత్రం ఎవరి నోటా రానివ్వొద్దు. సంస్థే క్షమాపణ చెబుతుంటే శ్రోత ఎందుకు నమ్ముతాడు?

అదే రచనను ఏడాదిన్నర లోపల మళ్లీ పెట్టండి. తొలి ప్రదర్శనకు ప్రచారమూ, ధనసహాయమూ సులువుగానే దొరుకుతాయి. రెండో ప్రదర్శనకే ఎవరూ ముందుకు రారు. ఏటా మూడు కొత్త రచనలు పరిచయం చేసే బదులు రెండు కొత్తవి, ఒకటి కిందటేడాదిది పెట్టండి.

మీ మొదటి వర్గం మాట కూడా చెల్లే చోట్లున్నాయి. ఎన్నింటికి మొదలవాలి, ఎన్నింటికి ముగియాలి, విరామం ఎంతసేపు, కుర్చీ ఎలా ఉంది, వేదిక కనిపిస్తోందా, టికెట్ కొనడం ఎంత కష్టం, కరపత్రంలో అక్షరాలు చదవగలుగుతున్నారా అన్నవాటిలో ప్రేక్షకుల మాటే చివరి మాట. ఇవేవీ పట్టించుకోకుండా కళలో మాత్రం మార్గదర్శనం చేస్తామంటే జనం రారు. రాకపోతే తప్పు కొత్త రచన మీదికి నెట్టేస్తారు.

ప్రశ్న: మా నాటక సమాజం తరఫున "మీకు ఎలాంటి నాటకాలు కావాలి?" అని ప్రశ్నపత్రం పంచాం. హాస్యం, కుటుంబ కథ, ప్రసిద్ధ నాటకాలు అని రాశారు. అవే ఎంచుకుని ఆడితే జనం పెరగలేదు. ప్రజల అభిరుచి తెలుసుకోవడం ఎలా?

జవాబు: ఆ ప్రశ్న అభిరుచిని కొలవదు, జ్ఞాపకాన్ని కొలుస్తుంది. జనం తాము ఇదివరకు చూసినవాటి పేర్లే రాయగలరు.

విటాలీ కోమార్, అలెగ్జాండర్ మెలమిడ్ అనే చిత్రకారులు దీన్ని కళ్లకు కట్టేలా నిరూపించారు. 1993లో అమెరికాలో 1,001 మందిని సర్వే చేయించారు. ఏ రంగు ఇష్టం, ఎంత పరిమాణం, మనుషులుండాలా, జంతువులుండాలా అని అడిగించి, మెజారిటీ జవాబులన్నీ కలిపి "అమెరికాకు అత్యంత ఇష్టమైన చిత్రం" గీశారు. నీలాకాశం, నీళ్లు, చెట్లు, జింకలు, సెలవులు గడుపుతున్న కుటుంబం, పక్కనే జార్జ్ వాషింగ్టన్. ఒక్కో అంశమూ విడివిడిగా జనం కోరిందే. అన్నీ ఒకచోట చేరేసరికి అది ఎవరూ కోరని బొమ్మ అయింది. సగటు తీసి నాటకాలు ఎంచుకున్నా ఇదే జరుగుతుంది: ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరికీ ఆత్రమూ ఉండదు.

పత్రం పంచిన చోటు కూడా చూడండి. హాల్లోనే పంచి ఉంటే, వచ్చేవాళ్ల మాటే మీకు తెలిసింది. రానివాళ్లు ఎందుకు రాలేదో అందులో దొరకదు.

మళ్లీ అడిగేటట్లయితే మూడు ప్రశ్నలు చాలు. "గత ఆరు నెలల్లో ఇల్లు కదిలి ఏం చూశారు?" "ఎవరితో కలిసి వెళ్లారు?" "వెళ్దామనుకుని మానేసింది ఏది, ఎందుకు?" జరిగిన పని గురించి అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇవి కాక ప్రదర్శన అయిన పదిహేను రోజులకు ఓ ఇరవై మందికి ఫోన్ చేసి, "ఆ నాటకంలో మీకు గుర్తున్నదేమిటి?" అని మాత్రం అడగండి. నచ్చిందా లేదా అని అడగొద్దు. ప్రదర్శన రాత్రి "బాగుంది" అన్నవాళ్లు ఒక్క సన్నివేశం కూడా చెప్పలేకపోవచ్చు. "అర్థం కాలేదు" అన్నవాళ్లు ఒక సంభాషణను ఇంట్లో వాదించుకుని ఉండొచ్చు. ఈ రెండో రకం జవాబులు ఎక్కువగా వచ్చిన నాటకాన్ని మళ్లీ ఆడండి.

అంకెల్లో ఒకదాన్ని తప్పకుండా రాసిపెట్టుకోండి. మొదటిసారి వచ్చినవాళ్లలో పన్నెండు నెలల లోపల రెండోసారి వచ్చినవాళ్లెందరు? చప్పట్ల కంటే, పత్రికల్లో రాతల కంటే అది ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: మా సంస్థ ప్రజాధనంతో నడుస్తుంది. పన్ను కట్టేవాళ్ల ఇష్టాన్ని పక్కన పెట్టి, "మీకు ఇది మంచిది" అని మేం చెప్పడం అహంకారం కాదా?

జవాబు: కారణం చెప్పకుండా చేస్తే అహంకారమే. మా మాట ఇది: "మన ప్రేక్షకులు దీన్ని ఒప్పుకోరు" అని ముందే తేల్చేయడం కూడా వాళ్ల తరఫున మనం మాట్లాడటమే. అది వినయంలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ తప్పుబట్టరు.

పారిస్‌లోని ఒపేరా కొమిక్ కుటుంబాలు వచ్చే రంగశాల, పెళ్లిచూపులు కూడా అక్కడ జరిగేవి. ఫ్రెంచి స్వరకర్త బిజే "కార్మెన్" అనే ఒపేరా (సంగీత నాటకం) రాస్తుంటే ఇద్దరు నిర్వాహకుల్లో ఒకరైన డి లవెన్, వేదిక మీద హత్య చూపిస్తే మనవాళ్లు రారని వ్యతిరేకించి 1874లో తప్పుకున్నారు. 1875 మార్చి 3న తొలి ప్రదర్శన చప్పగా సాగింది. జూన్ 3న బిజే చనిపోయారు. అక్టోబరులో వియన్నా దాన్ని నెత్తిన పెట్టుకుంది. 1883లో అదే ఒపేరా కొమిక్‌కు తిరిగొచ్చి విజయవంతమైంది. డి లవెన్ అంచనా మొదటి రాత్రికి నిజం, ఎనిమిదేళ్లు గడిచాక అబద్ధం.

దీనికి రెండో కొస కూడా ఉంది. షోన్‌బెర్గ్ 1918లో వియన్నాలో ఒక సంఘం పెట్టారు. సభ్యులకే ప్రవేశం, విమర్శకులకు లేదు, చప్పట్లు నిషేధం, ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. రిహార్సళ్లు దండిగా చేసేవారు, కష్టమైన రచనలను మళ్లీ మళ్లీ వినిపించేవారు. సంగీతపరంగా అద్భుతమైన పని. 1921లో ఆగిపోయింది. సభ్యుల చందాతో నడిచేవాళ్లు తలుపులు వేసుకోవచ్చు. ప్రజాధనంతో నడిచేవాళ్లకు ఆ వీలు లేదు.

మీరు చేయాల్సింది అధికారాలను విడదీయడం. కార్యక్రమాలను ఒక కళాదర్శకుడో దర్శకురాలో ఎంచుకోవాలి. ఎన్ని కొత్తవి, ఎంత ఖర్చు, ఎన్నేళ్ల పదవి అన్నది పాలకవర్గం తేల్చాలి. ఒక్కో రచన మీదా కార్యవర్గం ఓటింగ్ పెట్టొద్దు. అలా పెడితే అందరికీ రెండో ఇష్టమైనదే గెలుస్తుంది. ప్రతి ఎంపికకూ వంద మాటల్లో కారణం రాయించి ముందుగానే జనం ముందు పెట్టండి. మూడేళ్లకు ఆ కారణాలనూ ఫలితాలనూ పక్కపక్కన చదివి, కొనసాగించాలో లేదో తేల్చండి. ఏడాదికే తేలిస్తే రెండో ప్రదర్శన ప్రభావం లెక్కలోకి రాదు.

ప్రశ్న: 300 సీట్ల హాలు, ఏటా పది కార్యక్రమాలు, టికెట్ ధర అన్నిటికీ ఒకటే. తెలిసినవాటికి సగటున 85 శాతం, తెలియనివాటికి 45 శాతం నిండుతుంది. ఏడాది మొత్తం మీద 65 శాతం నిండితే ఖర్చులు వస్తాయి. ఎన్ని తెలియనివి పెట్టొచ్చు?

జవాబు: మూడు. లెక్క చూడండి. తెలిసిన కార్యక్రమానికి 255 టికెట్లు, తెలియనిదానికి 135. మీకు కావలసింది 1,950. ఏడు, మూడు చొప్పున పెడితే 1,785కు 405 కలిపి 2,190. అంటే 240 టికెట్ల వెసులుబాటు. నాలుగు పెడితే 2,070, వెసులుబాటు 120కి దిగుతుంది. అప్పుడు తెలియని కార్యక్రమం ఒక్కటి రద్దయినా లోటులో పడతారు. అయిదు పెడితే సరిగ్గా 1,950, ఊపిరి తీసుకోవడానికి చోటుండదు.

మూడింటిలో ఒకదాన్ని 150 సీట్ల గదిలోకి మార్చండి. అదే 135 మందితో గది 90 శాతం నిండుతుంది. అద్దె తగ్గడం ఒక లాభం. సగం ఖాళీ హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి తాను పొరపాటున వచ్చానేమో అన్న అనుమానం పుడుతుంది, చిన్న గదిలో ఆ బెడద లేదు.

ఈ మూడింటి సంఖ్యను ఏడాది మొదట్లోనే తీర్మానంగా రాసుకోండి. నడిమధ్యలో అమ్మకాలు తగ్గాయని మొట్టమొదట వీటినే తీసేస్తారు. తీసేసినచోట హడావిడిగా పెట్టిన ప్రసిద్ధ రచనకు ప్రచార వ్యవధి చాలక అది కూడా 85 శాతం చేరదు. మార్చక తప్పకపోతే తేదీ మార్చండి, రచనను మార్చకండి.